ఫేలిక్సు విడిచివెళ్లిన ఖైదీ: విచారణ లేని నిర్బంధము, రాజ్యాంగ హక్కులు, సంఘ బాధ్యత

కైసరయలో పౌలు ఫేలిక్సు యెదుట మాటలాడిన ఘట్టము మన ప్రసంగ వేదికలకు బాగుగా పరిచయమైనదే. అధిపతి భయపడ్డాడు, సమయము దొరికినప్పుడు మరల పిలిపిస్తానన్నాడు. మనము అక్కడ నుండి మారుమనస్సును వాయిదా వేయకూడదనే వర్తమానమునకు వెళ్లిపోతాము. అది మంచి వర్తమానమే. అయితే ఆ అధ్యాయపు చివరి వచనము (అపొ.కా. 24:27) మీద ప్రసంగము వినినవారు మనలో అరుదు. రెండు సంవత్సరములు గడిచిన తరువాత ఫేలిక్సు స్థానములో పోర్కియు ఫేస్తు వచ్చాడనీ, వెళ్లిపోతున్న ఫేలిక్సు పౌలును ఖైదులోనే విడిచివెళ్లాడనీ లూకా అక్కడ తెలియజేస్తున్నాడు. ఆ రెండు సంవత్సరములలో తీర్పు లేదు, శిక్ష లేదు, విడుదల లేదు. నేటి ఆఫీసుల భాషలో చెప్పాలంటే ఫైలు పెండింగులో ఉన్నది.

ఆ పెండింగు ఫైలును గూర్చియే ఈ వ్యాసము. పౌరులను విచారణ లేకుండా నిర్బంధించు అధికారమును మన రాజ్యాంగము ఏ మేరకు ఇచ్చినది, ఏ హద్దులు పెట్టినది, ఈ విషయములో సంఘ కాపరులకు ఏమి పని యున్నది అని పరిశీలింప ప్రయత్నిస్తున్నాము. మా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. ఇట్టి నిర్బంధములోని అన్యాయము, నిర్దోషి బాధపడవచ్చునన్న దానితో ముగిసిపోదు. అభియోగమే న్యాయస్థానము ఎదుటికి రాదు గనుక మనిషి జవాబు చెప్పుకొనుటకు చోటే ఉండదు. దోషికైనను నిర్దోషికైనను ఆ చోటు ఉండాలని లేఖనము కోరుతున్నది.

ఫేలిక్సు చేసినదేమిటి?

సహస్రాధిపతియైన లూసియ పంపిన పత్రికలోనే, ఈ మనిషి మీద మరణమునకు గాని బంధకములకు గాని తగిన నేరమేదియు కనబడలేదని ఉన్నది (23:29). తెర్తుల్లు వాదించాడు, పౌలు జవాబిచ్చాడు. తన మీద నిజముగా నేరము మోపవలసిన ఆసియవారు అసలు రానేలేదని పౌలు ఎత్తి చూపాడు (24:19). ఏ న్యాయాధిపతియైనను అక్కడ కేసు కొట్టివేయవలసినది. ఫేలిక్సు మాత్రము లూసియ వచ్చిన తరువాత చూద్దామన్నాడు. లూసియ వచ్చినట్లు లూకా ఎక్కడను చెప్పడు. ఆలస్యమునకు రెండు కారణములు మాత్రము దాచకుండ చెప్పాడు: ఒకటి లంచము ఆశ, రెండవది యూదుల మెప్పు (24:26, 27).

పౌలుకు కొంత స్వేచ్ఛ ఉన్నది, స్నేహితులు వచ్చి పరిచర్య చేయవచ్చును (24:23). కాబట్టి ఇది క్రూరమైన చెర కాదని కొందరు వ్యాఖ్యాతలు సరిపెట్టుకుంటారు. మాకు అది సరిపోదు. ఆ రెండేండ్లలో పౌలు ఒక్క సంఘమును దర్శించలేదు. అతడు రోమా పౌరుడు, ఫిలిప్పీలోను యెరూషలేములోను ఆ పౌరసత్వమును అడ్డము పెట్టుకొని తన హక్కును నిలువబెట్టుకున్నవాడు (16:37, 22:25). కైసరయలో ఆ పౌరసత్వము రెండేండ్లు పనికిరాలేదు.

గమనింపదగినదేమనగా, రోమాకు నియమము లేక కాదు. నేరము మోపినవారిని ముఖాముఖిగా ఎదుర్కొని జవాబు చెప్పుకొను అవకాశము ఇవ్వకుండ ఎవనినీ అప్పగించుట తమ ఆచారము కాదని ఫేస్తే చెప్పాడు (25:16). నేరమేమిటో వ్రాయకుండ ఖైదీని పంపుట అర్థము లేని పనియని కూడ అతడే ఒప్పుకున్నాడు (25:27). చెరసాల మనుష్యులను పట్టి ఉంచుటకే గాని శిక్షించుటకు కాదని తరువాతి కాలములో, మూడవ శతాబ్దములో, రోమా న్యాయశాస్త్రవేత్త ఉల్పియను వ్రాశాడు. నియమము ఉన్నది, అధిపతి దానిని పాటించనప్పుడు ఖైదీ తట్టగల తలుపు లేదు. ఆ తలుపును పౌలు చివరకు కైసరు నొద్ద చెప్పుకొంటాననుట ద్వారా తెరిపించుకున్నాడు.

ధర్మశాస్త్రములో కావలి, ఏదెనులో ప్రశ్న

మోషే ధర్మశాస్త్రములో చెరసాల శిక్షగా కనబడదు. దేవదూషణ చేసినవానిని (లేవీ. 24:12), విశ్రాంతిదినమున కట్టెలు ఏరినవానిని (సంఖ్యా. 15:34) కావలిలో ఉంచారు, అయితే రెండు చోట్లను కారణము ఒక్కటే, ఏమి చేయవలెనో తెలిసేవరకు. కావలి అనునది తీర్పు వరకు నడిచే మార్గమే గాని తీర్పునకు బదులు కాదు. న్యాయాధిపతులు అన్నదమ్ముల వాదములు విని, పరదేశియైనను పక్షపాతము లేక తీర్చాలనియు (ద్వితీ. 1:16, 17), బాగుగా విచారింపవలెననియు (19:18) ఆజ్ఞ ఉన్నది. నీకొదేము మహాసభలో అడిగిన ప్రశ్న ఈ ఆజ్ఞ నుండి పుట్టినదే (యోహాను 7:51).

ఇంకను వెనుకకు వెళితే ఏదెను ఉన్నది. సమస్తము ఎరిగిన దేవుడు ఆదామును పిలిచి అడిగిన తరువాతనే తీర్పు చెప్పాడు. ఇది మన బోధకుల ఊహ మాత్రమే కాదు, న్యాయశాస్త్ర చరిత్రలో ఎక్కిన మాట. 1723లో ఇంగ్లండులో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము డాక్టర్ రిచర్డ్ బెంట్లీ పట్టాలను ఆయన జవాబు వినకుండనే రద్దు చేయగా, ఆ వ్యాజ్యములో జస్టిస్ ఫోర్టెస్క్యూ ఈ ఆదికాండ ఘట్టమునే చూపించి, జవాబు చెప్పుకొను అవకాశము ఇవ్వని నిర్ణయము నిలువదన్నారు. మన న్యాయస్థానములు సహజ న్యాయ సూత్రములను వివరించునప్పుడు ఆ మాటను ఇప్పటికిని ఉదాహరిస్తుంటాయి. (మూలపాఠ విమర్శ చదివిన విద్యార్థులకు బెంట్లీ పేరు కొత్తది కాదు, గ్రీకు క్రొత్త నిబంధనను సరిచూచుటకు పూనుకున్న పండితుడు ఆయనే.)

ముందస్తు నిర్బంధమునకు మాత్రము లేఖనములో సరియైన ఉదాహరణ పౌలు కాదు, యిర్మీయా. బెన్యామీను ద్వారము దగ్గర కావలి అధిపతియైన ఇరీయా అతనిని పట్టుకున్నది జరిగిపోయిన నేరమునకు కాదు. కల్దీయుల పక్షమున చేరబోతున్నాడన్న అనుమానముతో. అది అబద్ధమని ప్రవక్త చెప్పినను వినలేదు (యిర్మీయా 37:13, 14). చేయబోతున్నాడన్న నేరమును మనిషి ఏ సాక్షిని తెచ్చి కాదనగలడు?

22వ అధికరణము

పాఠకులు ఇక్కడ ఒక భేదమును మనస్సులో ఉంచుకోవాలి. నేరము చేశాడని అరెస్టు చేసి, బెయిలు ఇవ్వక, విచారణ జరిగేవరకు జైలులో ఉంచుట ఒకటి. వీరిని విచారణ ఖైదీలంటారు. 2022 చివరి నాటికి దేశములోని ఖైదీలలో 75.8 శాతము వీరే. మున్ముందు నేరము చేస్తాడని అధికారికి తోచినందున నిర్బంధించుట మరొకటి; దీనిని నివారక నిర్బంధము లేక ముందస్తు నిర్బంధము అంటారు. ఈ రెండవదానిలో విచారణ ఆలస్యమగుట అన్న మాటే లేదు, విచారణ అసలు ఉద్దేశింపబడలేదు.

21వ అధికరణము చట్టము నిర్ణయించిన విధానము ప్రకారము తప్ప ఎవరి ప్రాణమును గాని వ్యక్తి స్వేచ్ఛను గాని తీసివేయరాదంటున్నది. 22వ అధికరణము మొదటి భాగము, అరెస్టయినవానికి కారణము చెప్పాలి, వకీలును కలుసుకోనివ్వాలి, ప్రయాణ సమయము పోగా 24 గంటలలో మెజిస్ట్రేటు ఎదుట నిలువబెట్టాలి అంటున్నది. ఇంతవరకు మనలో చాలామందికి తెలుసు. అదే అధికరణము మూడవ ఖండములో ఈ రక్షణలు ముందస్తు నిర్బంధములో ఉన్నవారికి వర్తించవని ఉన్నది! అట్టివారిని మూడు నెలలకు మించి ఉంచాలంటే సలహా మండలి అభిప్రాయము కావాలి, కారణములు తెలియజేయాలి, వినతిపత్రము ఇచ్చుకొను అవకాశము త్వరగా ఇవ్వాలి. అయితే ప్రజాప్రయోజనమునకు విరుద్ధమని తోచిన సంగతులను అధికారి దాచుకోవచ్చును. శాంతి కాలములో సహితము ఇట్టి నిర్బంధమును ప్రాథమిక హక్కుల అధ్యాయములోనే వ్రాసుకున్న రాజ్యాంగములు లోకములో బహు కొద్ది.

రాజ్యాంగ సభలో 1949 సెప్టెంబరు 15న డాక్టర్ అంబేద్కర్ ఈ అధికరణమును ప్రవేశపెట్టినప్పుడు, స్వేచ్ఛకు సంబంధించిన అధికరణములో న్యాయస్థానముల అధికారమును తగ్గించినందుకు ఇది కొంత పరిహారమన్న భావముతో మాటలాడారు. అనగా ఆయన దృష్టిలో ఇది నిర్బంధమునకు అనుమతి కన్నా దానికి కట్టిన కంచె. కంచె ఎంత గట్టిదో తెలియుటకు ఎక్కువ కాలము పట్టలేదు. రాజ్యాంగము అమలులోనికి వచ్చిన నెల రోజులకే, 1950 ఫిబ్రవరిలో, ముందస్తు నిర్బంధ చట్టము వచ్చినది. బిల్లును ప్రవేశపెట్టుచు సర్దార్ పటేల్ దాని విషయమై నిద్రలేని రాత్రులు గడిపినట్లు చెప్పారు. ఒక సంవత్సరమునకని చేసిన చట్టము పొడిగింపుల మీద 1969 చివరి వరకు నడిచినది.

ఆ చట్టము మీద సుప్రీం కోర్టుకు వెళ్లినవారు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్. ఆయన 1947 డిసెంబరు నుండి ఏదో ఒక ఉత్తరువు క్రింద నిర్బంధములోనే ఉన్నారు. 1950 మే 19న న్యాయస్థానము మెజారిటీతో చట్టమును సమర్థించినది. శాసనసభ చేసిన విధానము ఉంటే చాలును, అది న్యాయమైనదా అని అడుగనక్కరలేదన్నది. జస్టిస్ ఫజల్ అలీ గట్టిగా విభేదించారు. ఒక్క సెక్షనును మాత్రము అందరును కొట్టివేశారు. నిర్బంధితుడు తన నిర్బంధ కారణములను న్యాయస్థానమునకైనను చెప్పరాదని నిషేధించిన 14వ సెక్షను అది. ఆలోచించి చూడండి: కారణము నీకు చెబుతాము, నీవు మాత్రము జడ్జికి చెప్పకూడదు! ఫేలిక్సుకు కూడ ఇది తోచలేదు.

మీసా రోజులు

1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. రెండు దినముల తరువాత వచ్చిన రాష్ట్రపతి ఉత్తరువు 14, 21, 22 అధికరణముల అమలు కోసము కోర్టుకు వెళ్లు హక్కును నిలిపివేసినది. 1971 నాటి మీసా చట్టము క్రింద అప్పుడు నిర్బంధింపబడినవారు 34,988 మంది అని తరువాత షా కమిషను లెక్క తేల్చినది. పలు హైకోర్టులు హెబియస్ కార్పస్ పిటిషన్లను వినవచ్చునన్నాయి. హెబియస్ కార్పస్ అనగా, బంధించినవాడు బంధింపబడినవానిని న్యాయస్థానము ఎదుట నిలిపి, ఏ అధికారముతో బంధించాడో చెప్పాలన్న ఆజ్ఞ. ప్రభుత్వము సుప్రీం కోర్టుకు వెళ్లినది.

వాదనలలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరలు నిరేన్ డేను ఒక ప్రశ్న అడిగారు. ఒక పోలీసు అధికారి స్వంత పగతో ఒకనిని చంపితే, అప్పుడైనను న్యాయస్థానములో పరిహారము లేదా? అత్యవసర పరిస్థితి ఉన్నంత కాలము, తన వాదము ప్రకారము, లేదని అటార్నీ జనరలు జవాబిచ్చారు. 1976 ఏప్రిల్ 28న నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ పక్షమున తీర్పు చెప్పారు. విభేదించినవారు ఖన్నా ఒక్కరే. ఆ తీర్పు తనకు ప్రధాన న్యాయమూర్తి పదవిని పోగొడుతుందని ఆయన ముందే తన సోదరితో అన్నట్లు ఆత్మకథలో వ్రాసుకున్నారు. అట్లే జరిగినది; 1977 జనవరిలో ఆయనకన్నా జూనియరును ఆ పదవిలో నియమించగా రాజీనామా చేశారు.

ఆ దినములలో క్రైస్తవ నాయకులలో బహిరంగముగా మాటలాడినవారు కొద్దిమందే. మార్తోమా సంఘ మెట్రోపాలిటన్ యూహానోన్ మార్తోమా ప్రధానమంత్రికి లేఖ వ్రాశారు. ఎం.ఎం. థామస్ ఆ కాలమంతయు వ్రాసిన వ్యాసములు 1979లో ‘రెస్పాన్స్ టు టిరనీ’ అను పుస్తకముగా వచ్చాయి. మన వేదాంత కళాశాలలలో థామస్ గారి క్రీస్తుశాస్త్రమును పరీక్షలకు చదువుతాము, ఈ పుస్తకమును చదువము. ఇది సిలబసు వేయువారు ఆలోచించవలసిన సంగతి.

1978లో 44వ సవరణ, అత్యవసర పరిస్థితిలోనైనను 20, 21 అధికరణములను నిలిపివేయరాదన్నది. అదే సంవత్సరము మేనకా గాంధీ కేసులో విధానము న్యాయముగాను సమంజసముగాను ఉండవలెనని సుప్రీం కోర్టు చెప్పినది. 1976 నాటి తీర్పు మాత్రము 2017 ఆగస్టు 24న, గోప్యతా హక్కు కేసులో, స్పష్టముగా త్రోసివేయబడినది. అది తప్పు తీర్పని వ్రాసిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్, 1976లో మెజారిటీలో ఉన్న వై.వి. చంద్రచూడ్ కుమారుడు. ఇంత జరిగినను 44వ సవరణలో ఒక భాగము, అనగా మూడు నెలల గడువును రెండు నెలలకు తగ్గించి సలహా మండలి కూర్పును మార్చు భాగము, నేటి వరకు అమలులోనికి రాలేదు.

మన రాష్ట్రములలో పి.డి. యాక్టు

పై సంగతులు ఢిల్లీకి సంబంధించినవని మన గ్రామ సంఘపు పాస్టరు అనుకోవచ్చును. కాని పి.డి. యాక్టు అన్న మాట తెలుగు దినపత్రికలు చదువు ప్రతివానికి తెలిసినదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన ఆ చట్టము ఇప్పుడు రెండు రాష్ట్రములలోను ఉన్నది. సారా వ్యాపారులు, దోపిడీదారులు, గూండాలు, భూకబ్జాదారులు మొదలగువారి కొరకు చేసినది. తెలంగాణలో 2018లో కల్తీ విత్తనములు, ఆహార కల్తీ, సైబరు నేరములు, ఆర్థిక నేరములు మొదలగు వాటికి కూడ విస్తరింపజేశారు. ఈ చట్టము క్రింద ఒక మనిషిని 12 నెలల వరకు విచారణ లేకుండ ఉంచవచ్చును. సలహా మండలి ఎదుట వకీలును పెట్టుకొనుటకు హక్కు లేదు.

ఎక్కువగా జరిగేది ఏమనగా, ఒకని మీద కేసులున్నాయి, కోర్టు బెయిలు ఇచ్చినది, వెంటనే పి.డి. ఉత్తరువు వస్తుంది. అనగా ఒక న్యాయస్థానము తెరిచిన తలుపును ఒక అధికారి మూసివేస్తాడు. 2022 ఏప్రిల్‌లో ఉద్యోగముల పేరిట మోసము చేశాడన్న ఒక తెలంగాణ కేసులో సుప్రీం కోర్టు నిర్బంధమును రద్దు చేసి, సాధారణ శాంతిభద్రతల సమస్య వేరు, ప్రజాజీవనమునే కుదిపివేసే అలజడి వేరని గుర్తుచేసి, పెండింగులో ఉన్న ఇతర ఉత్తరువులను ప్రభుత్వము తిరిగి పరిశీలించాలన్నది. 2023 సెప్టెంబరులో హైదరాబాదుకు చెందిన మరొక ఉత్తరువును కొట్టివేయుచు ఇంకను కఠినముగా మాటలాడినది. 2024 మార్చిలో, సలహా మండళ్లు రబ్బరు స్టాంపులుగా ఉండరాదన్నది.

విచారణ ఖైదీల విషయములో కూడ గడువు లేని నిర్బంధము రావచ్చును. ఉపా చట్టములో 2008లో చేర్చిన సెక్షను వలన ఆరోపణలు పైకి నిజమనిపిస్తే బెయిలు దొరకదు. ఆదివాసుల మధ్య పనిచేసిన జెస్యూట్ ఫాదర్ స్టాన్ స్వామి 2020 అక్టోబరు 8న అరెస్టయి, 2021 జూలై 5న 84వ ఏట ముంబయి ఆసుపత్రిలో మరణించారు. విచారణ మొదలు కాలేదు. ఆయన దోషియా కాదా అని చెప్పగల తీర్పు ఇక ఎన్నడును రాదు.

అధికారమునకు లోబడుట అంటే

ఇట్టి మాటలు వచ్చినప్పుడు మన పెద్దలు రోమా 13వ అధ్యాయమును ముందుకు తెస్తారు. తేవలసినదే. అయితే ఆ పత్రికను వ్రాసిన చేతికే కైసరయలో సంకెళ్లు పడ్డాయి, ఆ నోటనే కైసరుకు అప్పీలు వచ్చినది. అధికారము దేవుని వలన నియమింపబడినదంటే అది తాను చేసిన ప్రతి పనికి కారణము చెప్పవలసిన అధికారమని అర్థము. కారణము అడుగుట తిరుగుబాటు కాదు. మన దేశములో రాజ్యాంగము కూడ ఆ పై అధికారములో భాగమే, కలెక్టరు దానికి లోబడినవాడే.

మరొక అభ్యంతరము దీనికన్నా బరువైనది. పౌలు, యిర్మీయా నిర్దోషులు, పి.డి. యాక్టులో పోయేవాడు చాలాసార్లు గూండా కదా, వాని భార్యాబిడ్డలే వానికి భయపడతారు కదా, పేటవారు హాయిగా నిద్రపోతున్నారు కదా అంటారు. ఈ మాటలో నిజమున్నది, దానిని తేలికగా తీసివేయలేము. దొంగ సారా తాగి మరణించినవారి సమాధి కార్యక్రమములు చేసిన కాపరులకు ఆ కోపము తెలుసు. అయినను నేరము ఉంటే కేసు పెట్టి, సాక్ష్యము చూపి, శిక్ష వేయించవచ్చును. ఏండ్ల తరబడియైనను వేయించవచ్చును. కేసు నడిపించుట కష్టమని నిర్బంధమును ఎంచుకొనుటయే ఇక్కడి చిక్కు. గూండా కొరకు తెరిచిన ఆ సులువైన దారిలో రేపు ఎవరిని నడిపిస్తారో అధికారి ఇష్టమే గాని మన ఇష్టము కాదు.

కుటుంబము పాస్టరు గారి దగ్గరకు వచ్చినప్పుడు

తల్లియో భార్యయో వచ్చి, అయ్యగారూ, మా వాడిని తీసుకుపోయారు, ఎందుకో చెప్పడము లేదు అన్నప్పుడు ప్రార్థన చేసి పంపివేయుట మన అలవాటు. ప్రార్థన చేయవలసినదే. తరువాత, అది సాధారణ అరెస్టా, నిర్బంధ ఉత్తరువా అని కనుగొనాలి. సాధారణ అరెస్టయితే 24 గంటల నియమము. నిర్బంధమైతే ఉత్తరువు నకలు, కారణముల పత్రము అడగాలి. పి.డి. యాక్టు ప్రకారము కారణములు అయిదు దినములలో అందాలి. ప్రభుత్వము 12 దినములలో ఉత్తరువును ఆమోదించాలి. మూడు వారములలో సలహా మండలికి పంపాలి. ఏడు వారములలో మండలి నివేదిక రావాలి. ఈ గడువులలో ఒకటి తప్పినను హైకోర్టులో అది బలమైన ఆధారము. కారణములు నిర్బంధితునికి అర్థమయ్యే భాషలో ఉండాలని సుప్రీం కోర్టు 1962లోనే చెప్పినది. ఇంగ్లీషు కాగితము చేతిలో పెట్టి సంతకము తీసుకుంటే చాలదు. చదువురానివానికి చదివి వివరింపబడినదా అని అడగాలి.

వినతిపత్రము వ్రాయుటలో కాపరి సహాయపడగలడు. అది ప్రభుత్వమునకును మండలికిని వెళ్లాలి. 226వ అధికరణము క్రింద హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను బంధువు గాని స్నేహితుడు గాని వేయవచ్చును. డబ్బు లేదని ఆగనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము ప్రకారము నిర్బంధములో ఉన్న ప్రతివానికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము పొందు హక్కున్నది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయము సాధారణముగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది.

యిర్మీయా బురద గోతిలో దిగబడినప్పుడు అతని కొరకు మాటలాడినవాడు ప్రవక్తల శిష్యుడు కాడు, యాజకుడు కాడు. రాజగృహములో పనిచేయు కూషీయుడైన ఎబెద్మెలెకు. రాజు బెన్యామీను ద్వారమున కూర్చుండగా అక్కడికే వెళ్లి, ఈ మనుష్యులు చేసినది తప్పని చెప్పాడు (యిర్మీయా 38:7-9). యిర్మీయాను పట్టుకున్నది కూడ ఆ ద్వారము దగ్గరనే. అతని విన్నపమునకు దొరికినది సగము ఫలితమే. ప్రవక్త గోతిలో నుండి బయటికి వచ్చాడు గాని విడుదల కాలేదు, యెరూషలేము పట్టబడు దినము వరకు బందీగృహపు ఆవరణములోనే ఉన్నాడు (38:28). హెబియస్ కార్పస్ పిటిషనులు కూడ అట్లే, కొన్ని గెలిచేసరికి పన్నెండు నెలలలో సగము గడిచిపోయి ఉంటుంది. అందుకే కుటుంబము వచ్చిన మొదటి దినముననే ఆ ఉత్తరువు నకలు అడిగి, దాని మీది తేదీ వ్రాసిపెట్టుకోవాలి.